సంగీత సందేహాలు: మంద్రంలో వినవలసిన జాజ్

గత సంచికలో న్యూయార్క్‌కు చెందిన ‘ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్’ బృందం 1991లో వెలువరించిన ‘ద లో ఎండ్ థియరీ’ అనే ర్యాప్ ఆల్బమ్‌ను గురించి, అందులో జాజ్, హిప్-హాప్ కలిసిపోయిన తీరును గురించి ఒక చిన్న పేరా రాశాను. దానిపై విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాలు ఎంతో శ్రద్ధగా విని రాసినవి. అందుచేత ఈ నెల శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. యౌవనంలో రాత్రిపూట షార్ట్‌వేవ్ మీద వాయిస్ ఆఫ్ అమెరికా వారి జాజ్ కార్యక్రమాన్ని, విల్లిస్ కోనోవర్ వ్యాఖ్యానాన్ని తప్పకుండా వినేవాణ్ణి. మీరు మెచ్చుకున్న ఆల్బమ్‌ను మా మనవడు తన ఫోనులో నాకు వినిపించాడు. ఒకే వాద్యపు తునక మొదటి నుంచి చివరి వరకు తిరుగుతూ ఉంటే, దానిమీద ఇద్దరు యువకులు లయబద్ధంగా మాట్లాడుతున్నారు. ఎవరూ ఏ స్వరాన్నీ పట్టుకొని విస్తరించడం లేదు. అప్పటికప్పుడు కల్పించి వాయించే మనోధర్మం లేని చోట జాజ్ ఎక్కడున్నట్టు?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారికి నమస్కారం. శాక్సఫోన్ వాద్యకారుడు ఒక పాటను అందుకొని, దాని స్వరసంచారాన్ని విప్పుకుంటూ పోయి, శ్రోత మరిచిపోయిన వేళకు తిరిగి పల్లవికి చేరుకోవడమే జాజ్ అనుకుంటే, ఈ ఆల్బమ్‌లో జాజ్ లేదన్న మీ మాటను నేను ఒప్పుకుంటాను. ఇది హిప్-హాప్ ఆల్బమే. అయితే ఆ యువకులు జాజ్ నుంచి తీసుకున్నది సోలోను కాదు, సోలో ఏ ఆధారం మీద నిలుస్తుందో ఆ ఆధారాన్ని. అది మంద్రస్థాయిలో ఉంది. దాన్ని ఫోనులో వినడం వల్ల మీకు అసలు విషయమే అందలేదని నా అనుమానం.

మీది భౌతికశాస్త్రం కనుక ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. జాజ్‌లో మంద్ర స్వరాలు పలికించే పెద్ద తీగవాద్యం డబుల్ బేస్‌లో అన్నింటికంటే లావైన తీగ పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. ఫోనులోని అంత చిన్న స్పీకరు 200 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వనిని దాదాపు పలికించలేదు. ఆ స్వరంతో పాటు పలికే పై అనుస్వరాలను బట్టి మన చెవి ఆ స్వరాన్ని ఊహించుకోగలదు గాని, దాని బరువును ఊహించుకోలేదు. ఈ ఆల్బమ్ పేరులోని ‘లో ఎండ్’ అన్న మాటకు బృందం రెండు అర్థాలు ఉద్దేశించింది: ఒకటి ఈ మంద్ర ధ్వనుల శ్రేణి, రెండవది అమెరికా సమాజంలో నల్లజాతి పురుషునికి దక్కిన అట్టడుగు స్థానం. ఇంట్లో పెద్ద స్పీకర్లు గాని, మంచి హెడ్‌ఫోన్లు గాని ఉంటే మరొక్కసారి మొదటి పాట ‘ఎక్స్‌కర్షన్స్’ వినవలసిందిగా మనవి.

ఆ పాట ఒక్క బేస్ నడకతో మొదలవుతుంది. ఆ నడక డ్రమ్స్ విద్వాంసుడు ఆర్ట్ బ్లేకీ నాయకత్వంలోని ‘జాజ్ మెసెంజర్స్’ బృందం 1973లో ‘బుహైనా’ అనే ఆల్బమ్‌లో వాయించిన ‘ఎ చాంట్ ఫర్ బు’ నుంచి తీసుకున్నది. దానిమీద బృందంలోని ర్యాపరు క్యూ-టిప్ గొంతు ఒంటరిగా ప్రవేశిస్తుంది. కొన్ని పంక్తులు గడిచిన తరువాతనే డ్రమ్స్ వస్తాయి. అతడు మొదటగా చెప్పే విషయం కూడా మీ ప్రశ్నకు దగ్గరిదే. తాను హిప్-హాప్ వింటూ ఉంటే, అది తనకు 1940లనాటి జాజ్ శైలి బీబాప్‌ను గుర్తుకు తెస్తున్నదని తండ్రి అనేవాడనీ, అన్నీ చక్రంలా తిరిగి వస్తాయి కదా నాన్నా అని తాను బదులిచ్చాననీ అంటాడు. మీ ఇంట్లో మీరూ మీ మనవడూ మాట్లాడుకున్న మాటలకు ఇది దూరమైనది కాదనుకుంటాను. ఒక గొంతుకు ఒక బేస్ మాత్రమే తోడుగా ఉండి, మిగిలిన చోటును ఖాళీగా వదిలే ధైర్యం ఆనాటి ర్యాప్‌లో అరుదు. ఆ కాలంలో పేరుపొందిన ‘పబ్లిక్ ఎనిమీ’ వంటి బృందాలు శబ్దం మీద శబ్దాన్ని పేర్చి గోడ కట్టేవి. అది వారి ఆగ్రహానికి తగిన పద్ధతి. ఈ బృందం మాత్రం, చిన్న జాజ్ బృందాలలో వాద్యకారులు ఒకరికొకరు చోటు వదులుకున్నట్టుగా, శబ్దాలను తగ్గించుకుంటూ పోయింది. నా దృష్టిలో ఈ ఆల్బమ్‌లోని మొదటి జాజ్ లక్షణం ఇదే.

రెండవది, ఆ బేస్‌ను వారు ఎంత గౌరవించారన్నది. ‘వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్’ అనే పాటకు పాత రికార్డు ముక్కతో సరిపెట్టుకోక, రాన్ కార్టర్‌ను స్టూడియోకు ఆహ్వానించి డబుల్ బేస్ వాయింపజేసుకున్నారు. 1937లో పుట్టిన కార్టర్ 1963 నుంచి 1968 వరకు ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ నడిపిన అయిదుగురు వాద్యకారుల బృందంలో హెర్బీ హాన్‌కాక్, టోనీ విలియమ్స్, వేన్ షార్టర్‌లతో కలిసి వాయించిన మనిషి. కోనోవర్ కార్యక్రమంలో మీరు ఆయన వాద్యాన్ని వినే ఉంటారు. రికార్డింగులలో ఎక్కువసార్లు వాయించిన జాజ్ బేస్ వాద్యకారుడిగా 2015లో ఆయన పేరు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అప్పటికి లెక్క 2,221. పాటలో బూతు మాటలు ఉండకూడదని షరతు పెట్టి ఆయన వచ్చారు. పాట చివర క్యూ-టిప్ ఆయన పేరును మళ్లీ మళ్లీ పలుకుతూ అందరికీ వినిపిస్తాడు. ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు యాభై నాలుగేళ్ల విద్వాంసుని పేరును అంత సంతోషంగా ఉచ్చరించడం నాకు ఎప్పుడు విన్నా మనసుకు హత్తుకుంటుంది. ఇంజనీరు బాబ్ పవర్ పనితనాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. పాత రికార్డుల గరగరలను, శబ్దాల రాపిడిని సరిచేసి, బేస్ బరువుగా ఉంటూనే మాట మరుగున పడకుండా ఆయన కూర్చిన తీరును తరువాతి ఇంజనీర్లు పాఠంగా చదువుకున్నారు.

ఇక మనోధర్మం సంగతి. తిరుగుతున్న ఆ తునకను మీరు పల్లవిగా కాక తాళంగా భావించి వినండి. ఆవర్తం మారదు, మారేది గొంతు. క్యూ-టిప్ ఒక పంక్తిని ఆవర్తానికి ముందే ఎత్తుకుంటాడు, తరువాతి పంక్తిని కాస్త ఆలస్యంగా అందుకుంటాడు, ప్రాస పడవలసిన చోట పడనివ్వక మరో రెండు అక్షరాల అవతల దించుతాడు. మన విద్వాంసులు అతీత, అనాగత గ్రహాలంటారే, ఆ ఆట ఇక్కడ మాటలతో నడుస్తోంది. పదాలు ముందుగా రాసుకున్నవేనన్నది నిజం. కనుక దీన్ని సభలో అప్పటికప్పుడు పుట్టే సోలోతో సమానమని నేను అనను. కాని శాక్సఫోన్ పదబంధాలు వినడానికి అలవాటుపడిన మీ చెవి, ఈ గొంతులలోని పదబంధాలను అదే శ్రద్ధతో వింటే నిరాశపడదు.

జాజ్ విద్వాంసులందరూ ఈ పొత్తును ఆమోదించారని మీరు అనుకోవద్దు. ట్రంపెట్ విద్వాంసుడు వింటన్ మార్సాలిస్ హిప్-హాప్‌ను గట్టిగా విమర్శిస్తూ వచ్చారు. ఆయన అన్నగారు, శాక్సఫోన్ విద్వాంసుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ మాత్రం 1990లలో హిప్-హాప్ నిర్మాతలతో కలిసి పనిచేశారు. మైల్స్ డేవిస్ తన చివరి రోజుల్లో ఈజీ మో బీ అనే హిప్-హాప్ నిర్మాతతో ‘డూ-బాప్’ అనే ఆల్బమ్ మీద పనిచేస్తూ, ‘ద లో ఎండ్ థియరీ’ విడుదలైన సెప్టెంబరు 24కు నాలుగు రోజుల తరువాత కన్నుమూశారు. ఆ ఆల్బమ్ మరుసటి ఏడాది వెలువడింది. పట్టుదల విషయంలో మైల్స్‌కు సాటి లేదు గాని, ఆ ఆల్బమ్‌లో ట్రంపెట్, బీట్ పక్కపక్కన నడుస్తాయే తప్ప కలవవు. కలవడం ఈ యువకుల చేతిలోనే జరిగిందని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను విజయవాడలో మృదంగం నేర్చుకుంటున్నాను. ‘ఎక్స్‌కర్షన్స్’ పాటకు చేత్తో నాలుగు లెక్క వేస్తే చక్కగా సరిపోతున్నది గాని, బేస్ మాత్రం లోపల ఎక్కడో మూడుగా ఊగుతున్నట్టు అనిపిస్తున్నది. మా గురువుగారిని అడగడానికి సంకోచించి మీకు రాస్తున్నాను. ఇది నా చెవి భ్రమా అండీ?
— ఒక విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: భ్రమ కాదమ్మా, చాలా మంచి చెవి. ‘జాజ్ మెసెంజర్స్’ వాయించిన మూలంలో ఆ బేస్ నడక పాశ్చాత్య లెక్కలో 6/8, అంటే మన మాటల్లో తిస్రం మీద సాగుతుంది. దానిని ముక్కలుగా కోసి, స్వరాలను తిరిగి పేర్చి, హిప్-హాప్‌కు కావలసిన 4/4లో, అంటే చతురశ్రంలో కూర్చోబెట్టారు. మీరు కచేరీలో మృదంగానికే కేటాయించే తని ఆవర్తనంలో తాళం మార్చకుండా గతిని మార్చే పద్ధతికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ వాయించే మనిషి లెక్క మార్చలేదు, వాయించి ముగించిన నడకను మరొకరు కోసి మరో లెక్కలో నిలబెట్టారు. అందుకే స్వరాల మధ్య పాత ఊపు కొంత మిగిలిపోయింది. ఆ మిగిలిన ఊపే మీకు వినిపిస్తున్నది.

దీనికి మరో కారణం కూడా తోడవుతుంది. జాజ్‌లో ‘స్వింగ్’ అనే నడకలో ఒక దెబ్బను రెండుగా విడగొట్టినప్పుడు రెండు సగాలూ సమానంగా ఉండవు. మొదటిది సాగుతుంది, రెండవది కుదించుకుంటుంది. మూడు భాగాలలో రెండు మొదటిదానికి, ఒకటి రెండవదానికి ఇచ్చినట్టుగా ఉంటుంది. రోజర్ లిన్ 1980లో తెచ్చిన డ్రమ్ యంత్రంలో ఈ ఎగుడుదిగుడును యంత్రమే కల్పించే సదుపాయం ఉంది. తరువాతి యంత్రాలు దానిని అందిపుచ్చుకున్నాయి. హిప్-హాప్ నాలుగు లెక్కలో నడుస్తున్నప్పుడు కూడా లోపల తిస్రపు వాసన తగలడానికి ఇది కారణం. గురువుగారిని తప్పక అడగండి. మూలాన్నీ, దాని నుంచి వచ్చిన పాటనూ ఒకదాని తరువాత ఒకటి వినిపిస్తే ఆయన ఎంతో ఆసక్తిగా వింటారన్న నమ్మకం నాకుంది.

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ఒక బుర్రకథ దళంలో వంతగా ఉండేవారు. ఈ ఆల్బమ్‌లో ఇద్దరు ఒకరి మాటను ఒకరు అందుకునే తీరు నాకు ఆయనను గుర్తుకు తెచ్చింది. ఇది అభిమానం కొద్దీ కలిగిన పోలికేనా, నిజంగా ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చుట్టరికం లేదు గాని పోలిక నిజమైనదే. పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ గారిని గుర్తు చేసుకోండి. నడుమ కథకుడు తంబురా పట్టుకొని, చేతి అందెలతో లయ వేస్తూ కథ నడిపిస్తాడు. ఒక పక్క హాస్యపు వంత, మరో పక్క రాజకీయపు వంత ‘తందాన తాన’ అంటూ మాట అందుకొని, ప్రశ్నించి, ఎత్తిపొడిచి, ఆ ఊరి సమకాలీన విషయాలను కథలోకి తెస్తారు. వంత లేని కథకుడు ఎంత గొప్పవాడైనా బుర్రకథ సగమే.

ఈ బృందంలో క్యూ-టిప్ మృదువుగా, ఆలోచనాత్మకంగా సాగే గొంతు. ఫైఫ్ డాగ్ గొంతు పదునైనది, చమత్కారం, ఆటల కబుర్లు, సవాళ్లు అతడివి. ఇద్దరూ క్వీన్స్‌లో కలిసి పెరిగిన స్నేహితులు. 1990లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ఫైఫ్ కొన్ని పాటలకే పరిమితం కాగా, ఈ రెండవ ఆల్బమ్‌లో అతడు సమాన భాగస్వామి అయ్యాడు. ‘చెక్ ద రైమ్’ పాటలో ఒకరు సిద్ధంగా ఉన్నావా అని అడగడం, మరొకరు ఎప్పుడూ సిద్ధమేనని బదులివ్వడం, ఆ ప్రశ్న తిరిగి రెండవవాని నోటి నుంచి మొదటివానికి రావడం మీకు వినిపించి ఉంటుంది. జాజ్‌లో ఇద్దరు వాద్యకారులు నాలుగేసి ఆవర్తాల చొప్పున పంచుకొని ఒకరికొకరు జవాబు చెప్పుకునే ఆచారం ఉంది. మృదంగం, ఘటం మధ్య నడిచే పంపకం వంటిదే అది. మీ నాన్నగారు చేసిన పనిలోని మెలకువ ఇదే: ఎదుటివాని ఊపిరి ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసి, ఆ క్షణంలో అందుకోవడం. ఫైఫ్ మధుమేహంతో చాలా ఏళ్లు పోరాడి, 2016 మార్చిలో 45 ఏళ్ల వయసుకే మరణించాడు. అదే ఏడాది వచ్చిన బృందపు చివరి ఆల్బమ్‌లో అతడి గొంతు ఉంది.

ప్రశ్న: నేను ఇంట్లో లాప్‌టాప్ మీద బీట్లు చేస్తుంటాను. ఈ ఆల్బమ్ విన్నాక మన పాత తెలుగు రికార్డుల నుంచి కూడా అలా ముక్కలు తీసుకోవాలని ఉంది. మా మామయ్య అది దొంగతనం అంటున్నారు. మీరేమంటారు?
— ఒక యువకుడు, పటమట, విజయవాడ

జవాబు: కళ దృష్టితో ఒక మాట, చట్టం దృష్టితో మరొక మాట చెప్పవలసి ఉంది.

కళ దృష్టితో చూస్తే జాజ్ తొలి నుంచీ ఇతరుల పాటల మీదనే పెరిగింది. ‘చెరొకీ’ అనే పాట స్వరసంపుటాల (కార్డ్స్) క్రమాన్ని అలాగే ఉంచి, దానిమీద సరికొత్త బాణీతో శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ 1945లో ‘కో కో’ రికార్డు చేశారు. బీబాప్ విద్వాంసులు ఇటువంటివి ఎన్నో చేశారు. పాత ఆధారం మీద కొత్త కట్టడం లేచిందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. ఈ బృందం చేసినదీ అదే. ఆనాటి న్యూయార్క్ హిప్-హాప్ నిర్మాతలు వాడిన ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌లో, అంటే రికార్డుల నుంచి ధ్వని ముక్కలను పట్టి ఉంచే యంత్రంలో, మొత్తం పది సెకన్ల ధ్వని మాత్రమే పట్టేది. ఆ చోటును ఆదా చేయడానికి నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి లోపలికి ఎక్కించి, తరువాత యంత్రంలో నెమ్మదింపజేసేవారు. ఆ గరుకుదనం పాటకు ఒక రంగునిచ్చింది. పై స్థాయి ధ్వనులను ఫిల్టరుతో కోసివేసి, అన్ని వాద్యాలూ మోగుతున్న రికార్డు నుంచి బేస్ ఒక్కదాన్నే మిగుల్చుకునేవారు. మీ లాప్‌టాప్‌కు ఏ హద్దూ లేదు కనుక హద్దును మీరే పెట్టుకోవాలి. తీసుకున్న ముక్క చిన్నదై, దానికి మీరు చేసిన మార్పు పెద్దదై ఉండాలి. పాత పాట పల్లవిని ఉన్నదున్నట్టు తిప్పుతూ కింద డ్రమ్స్ వేయడం నాకు నచ్చని పని. అందులో వినడం గాని, ఆలోచించడం గాని లేదు.

చట్టం సంగతికి వస్తే మీ మామయ్యగారి మాటను తోసిపుచ్చవద్దు. ఈ ఆల్బమ్ వచ్చిన మూడు నెలలలోపే, 1991 డిసెంబరులో, న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయస్థానం బిజ్ మార్కీ అనే ర్యాపరు అనుమతి లేకుండా గిల్బర్ట్ ఓ’సల్లివన్ పాట ముక్కను వాడిన వ్యాజ్యంలో తీర్పునిచ్చింది. న్యాయమూర్తి ఆ తీర్పును, దొంగిలించరాదన్న బైబిలు ఆజ్ఞతో ప్రారంభించారు. అప్పటి నుంచి ప్రతి ముక్కకూ అనుమతి, సొమ్ము అవసరమై, పదుల ముక్కలతో పాట అల్లే పద్ధతి దాదాపు ఆగిపోయింది. ఈ బృందానికి అంతకుముందే ఆ చేదు తెలుసు: తమ మొదటి ఆల్బమ్‌లో లూ రీడ్ పాటలోని బేస్ నడకను వాడుకున్నందుకు, ఆ పాట రాబడి తమకు దక్కలేదని ఫైఫ్ చెప్పాడు.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు, అది వెలువడిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. కాని పాట రాసిన కవికీ, వరుస కట్టిన స్వరకర్తకూ వేరుగా హక్కులుంటాయి. అవి వారి జీవితకాలమూ, మరణించిన తరువాతి సంవత్సరం నుంచి మరో 60 ఏళ్లూ నిలుస్తాయి. కాబట్టి 1950లలోని గ్రామఫోను రికార్డు విషయంలో రికార్డు కంపెనీ హక్కు తీరిపోయినా, కవి హక్కు ఇంకా మిగిలి ఉండవచ్చు. అభ్యాసానికి మీ గదిలో ఎన్ని ముక్కలనైనా కోసి నేర్చుకోండి. బయట విడుదల చేసే పాటకు మాత్రం రాన్ కార్టర్ దారి ఉత్తమం. విజయవాడలో సంగీత కళాశాల ఉంది, ఆకాశవాణి కేంద్రంలో వాయించిన కళాకారులు ఉన్నారు. ఒక వీణ విద్వాంసుణ్ణో, ఒక క్లారినెట్ కళాకారుణ్ణో పిలిచి, తగిన పారితోషికమిచ్చి, నాలుగు ఆవర్తాలు వాయింపజేసుకోండి. పేరును రికార్డు మీద స్పష్టంగా వేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఈ ఆల్బమ్ వింటానంటున్నాడు. విననివ్వవచ్చా?
— ఒక తల్లి, భవానీపురం, విజయవాడ

జవాబు: పూర్తి ఆల్బమ్‌ను ఇప్పుడే ఇవ్వవద్దని నా సలహా. ఆనాటి ర్యాప్‌తో పోలిస్తే భాష మెత్తనిదే అయినా, కొన్ని చోట్ల మొరటు మాటలు ఉన్నాయి. ఒక పాట విషయం స్త్రీలపై జరిగే అత్యాచారం, దానిని నడిపిన తీరు కూడా నాకు తృప్తినివ్వలేదు. పాటలు ముందు మీరు విని, ‘జాజ్’ అన్న పేరుతో మొదలయ్యే పాటను, ‘చెక్ ద రైమ్’ను పక్కన కూర్చొని వినిపించండి.

ప్రశ్న: దీని తరువాత ఏం వినాలి?
— ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ముందుకూ వెళ్లవచ్చు, వెనక్కూ వెళ్లవచ్చు. ముందుకైతే ఇదే బృందం 1993లో తెచ్చిన ‘మిడ్‌నైట్ మరోడర్స్’, అదే ఏడాది గురు అనే ర్యాపరు తన ‘జాజ్‌మటాజ్’ ఆల్బమ్‌లో డోనాల్డ్ బర్డ్, రాయ్ ఏయర్స్ వంటి విద్వాంసులను స్వయంగా వాయింపజేసిన పాటలు, చాలా కాలం తరువాత 2015లో కెండ్రిక్ లామార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’. ఈ చివరిదానిలో కమాసి వాషింగ్టన్, రాబర్ట్ గ్లాస్పర్, థండర్‌క్యాట్ వంటి జాజ్ కళాకారులు పాటకు అలంకారంగా కాక పాట నిర్మాణంలోనే ఉన్నారు. వెనక్కి వెళ్లదలిస్తే రాన్ కార్టర్ ఉన్న మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘ఇ.ఎస్.పి.’, 1965 నాటిది, తీసుకొని ట్రంపెట్‌ను పట్టించుకోకుండా బేస్ ఒక్కదానినే మొదటి నుంచి చివరి వరకు అనుసరించండి.